దర్శనానికి ముందు ఒక రోజు

మా తిరుపతి వాళ్లకు బంధువుల కొరత ఉండదు. ఎప్పుడో పదో తరగతిలో పక్క బెంచీలో కూర్చున్నవాడు కూడా ఫోన్ చేస్తాడు. ముందు ఆరోగ్యం అడుగుతాడు, తర్వాత పిల్లల చదువులు, ఆ తర్వాత "అదేరా, ఓ నాలుగు దర్శనం టికెట్లు..." అంటాడు. నా చేతిలో ఏమీ ఉండదని చెప్తే నమ్మడు. తిరుపతిలో ఇల్లు పెట్టుకుని ఆమాత్రం పలుకుబడి లేదా అన్నట్టు ఓ నిట్టూర్పు వదిలి ఫోన్ పెట్టేస్తాడు.

ఈమధ్య వచ్చిన మిత్రుడు మాత్రం టికెట్లు అడగలేదు. కరీంనగర్ మనిషి. హైదరాబాదులో ఒకే గదిలో ఉండి ఇద్దరం పోటీ పరీక్షలకు చదివాం. మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో మూడొందల రూపాయల టికెట్లు తీసుకుని, భార్యను, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. పొద్దున ఆరింటికి రైలు దిగారు. దర్శనం స్లాటు చూస్తే మర్నాడు మధ్యాహ్నం. "నడుమ ఒక దినం మొత్తం ఖాళీరా. రూంల పండుకుంటం తీ" అన్నాడు.

వాళ్లమ్మకు డెబ్బై దాటాయి. లాడ్జి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. "అమ్మా, తిరుపతికి ఎన్నోసారి రావడం?" అని అడిగాను.

"పదకొండు సార్లొచ్చిన బిడ్డా. ఇది పన్నెండు. కానీ ఊరెట్లుంటదంటే చెప్పరాదు. రైలు టేషను, బస్సు, లైను, గుండు, లడ్డు. మల్ల రైలు టేషను."

తిరుపతి టూరిజం గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత సరిగ్గా చెప్పినవాళ్లను నేను చూడలేదు. కొండమీద రోజుకు అరవై డెబ్బై వేల మంది దర్శనం చేసుకుంటారు. సెలవుల్లో అంతకన్నా ఎక్కువ. దేశంలో ఇంతమంది ఇంత క్రమంగా వచ్చే ఊళ్లు తక్కువ. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతారు. నది ఒకటి ఊరి మధ్యనుంచి పారుతుంటే ఊళ్లో చేలు ఎండినట్టు ఉంటుంది మా పరిస్థితి.

"పండుకోవడం ఎందుకు? పదండి" అన్నాను.

ట్రావెల్స్ కారు మాట్లాడాను. డ్రైవరు కుర్రాడు పుత్తూరు వైపు వాడు. అడక్కుండానే పాఠం అప్పజెప్పేశాడు. "లోకల్ టెంపుల్సేనా సార్? తిరుచానూరు, కపిలతీర్థం, గోవిందరాజస్వామి, మంగాపురం. అయిదు గంటల్లో కొట్టేస్తాం. కాళహస్తి, కాణిపాకం కూడా కావాలంటే వేరే రేటు ఉండాది."

"గుడిమల్లం పోదాం" అన్నాను.

"అదెందుకు సార్? ఆడ ఏముండాది?"

తప్పు వాడిది కాదు. నేనే ఒకసారి ఊళ్లో ఒక కౌంటర్లో గుడిమల్లానికి బస్సు ఎన్నింటికని అడిగాను. ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, "శ్రీశైలం మల్లన్నా?" అన్నాడు.

రేణిగుంట దాటి ఏర్పేడు మండలంలోకి వెళ్తే పాపానాయుడుపేట వస్తుంది. అక్కడ ఆపించాను. చూడ్డానికి మామూలు ఊరే. కానీ ఇక్కడ గాజు పూసలు చేసే పద్ధతికి రెండువేల ఏళ్ల వయసుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన చిన్న చిన్న పూసలు ఈ రకానివే. అలాంటివి అటు ఆఫ్రికా తూర్పు తీరంలోనూ ఇటు ఆగ్నేయాసియా దేశాల్లోనూ దొరికాయి. చరిత్రకారులు వాటిని ఇండో-పసిఫిక్ పూసలంటారు. ఆ పనితనం మిగిలిన కొద్ది చోట్లలో పాపానాయుడుపేట ఒకటి.

మేం పోయిన పొద్దు కొలిమి వెలిగించలేదు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన చేతులతో గాల్లోనే చేసి చూపించాడు. కరిగిన గాజును ఇనుప గొట్టానికి ముద్దగా పట్టించి, దాంట్లోంచి కొక్కెంతో సన్నటి గొట్టంలా లాగుతారు. లోపల బెజ్జం దానంతటదే ఉండిపోతుంది. ఆ గొట్టాన్ని ముక్కలు ముక్కలుగా తరిగి, బూడిదతో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచుల పదును పోయి గుండ్రంగా తిరుగుతాయి. బూడిద ఎందుకంటే, బెజ్జాలు పూడిపోకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా. "ఎండాకాలం ఆ కొలిమి ముందర నిలబడితే తెలుస్తాది నాయనా. మా పిల్లోళ్లు ఎవురూ రాలేదు ఈ పనికి" అన్నాడు. మిత్రుడి భార్య ఒక దండ కొనుక్కుంది. డబ్బులిచ్చి, "ఇవి తిరుపతి దుకాణాల్ల ఎందుకు పెడ్తలేరన్నా?" అని నన్ను అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. కొండకు పోయే దారిలో దుకాణాల్లో పూసల దండలు కొల్లలు. అవి ఎక్కణ్నించి వస్తాయో అమ్మేవాడికే తెలీదు.

అక్కణ్నించి గుడిమల్లం దగ్గరే. స్వర్ణముఖి ఒడ్డు, చెరుకు తోటలు, వరి మళ్లు. పరశురామేశ్వరాలయం ఊరి మధ్య చిన్నగా ఉంటుంది. పురావస్తు శాఖ నీలం బోర్డు లేకపోతే దాటిపోతాం. గర్భగుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. గజపృష్ఠం అంటారు. లోపలికి పోవాలంటే మెట్లు దిగాలి.

ఎదురుగా లింగం. అయిదడుగుల ఎత్తు. మనం మామూలుగా చూసే లింగం కాదు. దాని ముందువైపు రాతిలోంచే శివుడు నిలబడి ఉంటాడు. రెండే చేతులు. ఒక చేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి ఉంటాడు. పొట్టేలు కాదు, జింక అనేవాళ్లూ ఉన్నారు. రెండో చేతిలో చిన్న కుండలాంటి పాత్ర. భుజాన గొడ్డలి. తల చుట్టూ పాగాలాగా చుట్టిన జుట్టు. నడుముకు పల్చని పంచె. కాళ్ల కింద ముడుచుకుని కూర్చున్న ఒక పొట్టివాడు, వాడి భుజాలమీద ఈయన. ఒంటి మీద జంధ్యం లేదు. దీని సంగతి లోకానికి చెప్పినవాడు టి.ఎ. గోపీనాథరావు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటిదని కొందరు పండితులు, కాదు ఇంకాస్త తర్వాతదని మరికొందరు. ఏ లెక్కన చూసినా మన దేశంలో మిగిలిన అతి పాత శివుడి రూపాల్లో ఇదొకటి. దాని చుట్టూ తవ్వితే బౌద్ధ స్తూపాల చుట్టూ ఉండే లాంటి చదరపు రాతి కంచె బయటపడింది.

ఇదంతా నేను మెల్లగా చెప్తూనే ఉన్నాను. మిత్రుడు ఫోనులో వెతుకుతున్నాడు. వాళ్లమ్మ మాత్రం నా మాట వినడంలేదు. ఆ రాతి మనిషినే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత అంది: "ఈయన మల్లన్న గదా!"

"కాదమ్మా, పరశురామేశ్వరుడు..."

"నువ్వాగు బిడ్డా. గొర్రెను పట్టుకున్నడు, గొడ్డలేసుకున్నడు, పాగా సుట్టిండు. మా కొమురెల్లి మల్లన్నే. గొల్లోళ్లతోని అడివిల తిరిగెటాయన. ఈడ ఎప్పుడొచ్చి నిలవడ్డడో!"

మాకిద్దరికీ నోట మాట రాలేదు. కొమురవెల్లి ఎక్కడ, గుడిమల్లం ఎక్కడ! ఆమె చెప్పింది చరిత్రకు నిలుస్తుందా లేదా అనేది పండితులు చూసుకుంటారు. కానీ ఏడొందల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, ఊరుగాని ఊళ్లో, తన సంక్రాంతి తర్వాత జాతరల్ని, ఒగ్గు కథల్ని, తనవాళ్ల దేవుణ్ని గుర్తుపట్టింది. పన్నెండోసారి వచ్చినప్పుడు. పదకొండుసార్లు ఈ ముక్కను పక్కనపెట్టుకుని మేం ఆమెను రైలెక్కించి పంపేశాం.

"ఇంక్రెడిబుల్ ఇండియా" అన్న మాట 2002లో మొదలైంది. విదేశీయులకు మనల్ని మనం చూపించుకోవడానికి. ఆ తర్వాత 2014-15లో రెండు పెద్ద కేంద్ర పథకాలు వచ్చాయి. 'స్వదేశ్ దర్శన్', 'ప్రసాద్'. మొదటిది సర్క్యూట్ల పథకం. బౌద్ధ, రామాయణ, ఎడారి, తీరప్రాంత సర్క్యూట్... ఇలా పదిహేను రకాలు. రెండోది పుణ్యక్షేత్రాల కోసం. తీరప్రాంత సర్క్యూట్ కింద అప్పటి నెల్లూరు జిల్లా ప్యాకేజీలో పులికాట్, నేలపట్టు, మా ఉబ్బలమడుగు జలపాతం చేరాయి. 2020లో 'దేఖో అప్నా దేశ్' అన్నారు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ కొత్త టూరిజం పాలసీ తెచ్చి ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. చెడ్డవని నేననను. మరుగుదొడ్డి, నీడ, మంచినీళ్లు, పార్కింగు లేకుండా ఏ ఊరికీ ఎవరూ రారు. కానీ సర్క్యూట్ అనేది మ్యాపు మీద గీస్తే వచ్చేది కాదు. జనం గీసుకున్న సర్క్యూట్ వేరే ఉంది. అది కాణిపాకం, తిరుమల, తిరుచానూరు, కాళహస్తి. ట్రావెల్స్ కుర్రాడి నోట్లో ఉన్నది అదే. పథకం డబ్బులు ఖర్చయినా ఆ కుర్రాడి నోట్లోకి ఒక కొత్త పేరు చేరకపోతే పని జరగనట్టే.

ఇన్నాళ్లూ మా ఊళ్లో టూరిజం అంటే దర్శనం టికెట్టే. రకరకాల రాష్ట్రాల టూరిజం శాఖలు బస్సు టికెట్టుకు దర్శనం జోడించి ప్యాకేజీలు అమ్ముకునేవి. అవకతవకలు జరుగుతున్నాయని 2024 నవంబరులో టీటీడీ బోర్డు ఆ కోటా రద్దు చెయ్యాలని నిర్ణయించింది. దర్శనం తీసేస్తే ఆ ప్యాకేజీల్లో ఇంకేముంది చెప్పుకోడానికి? అది ఎవరైనా ముందే ఆలోచించాల్సిన ప్రశ్న.

ఇంకో సంగతి రాయక తప్పదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో నిలబడ్డ జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. మా వీధిలో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. తప్పులెవరివో తేల్చడానికి వేరేవాళ్లున్నారు. నాకు కనిపించేది ఒకటే. ఇంత పెద్ద జిల్లాలో, ఇన్ని చోట్లుండగా, ఊరికి వచ్చిన ప్రతి మనిషికీ నిలబడే చోటు ఒకటే ఉంది. అది లైను.

వెనిస్ వాళ్లు 2024లో ఏంచేశారో తెలుసా? పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర కొన్ని రద్దీ రోజుల్లో అయిదు యూరోల రుసుం మొదలుపెట్టారు. రాత్రి ఉండేవాళ్లకు అది లేదు. వాళ్లకూ మన జబ్బే. మందు మాత్రం మనకు పనికిరాదు. దేవుడి దగ్గరికి వచ్చినవాడి దగ్గర రుసుం వసూలు చేసే ఊరు మాది కాకూడదు. కానీ వాళ్ల దగ్గర లేనిది మా దగ్గర ఒకటుంది. మూడు నెలల ముందే మూడొందల టికెట్లు అమ్ముడుపోతాయి. అంటే ఏ తారీఖున, ఏ గంటకు, ఏ ఊరి నుంచి ఎంతమంది వస్తారో ముందే తెలుసు. ప్రపంచంలో ఏ టూరిజం శాఖకు ఇంత భాగ్యం ఉంది? ఆ టికెట్టు మీదే చిన్న అక్షరాలతో "మీ దర్శనానికి ఇంకా పద్దెనిమిది గంటలుంది, పొద్దున ఎనిమిదికి గుడిమల్లం బస్సు ఉంది" అని వేస్తే ఖర్చెంత?

గుడిమల్లం నుంచి కాళహస్తి చేరేసరికి పదకొండు దాటింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది కదా. ఇప్పుడున్నది కొత్తది, 2017లో కుంభాభిషేకం అయింది. రాహుకేతు పూజల జనం బస్సుల్లో దిగుతున్నారు, ఎక్కుతున్నారు. రెండు గంటలు, అంతే. మేం దర్శనం చేసుకుని, పులిబొంగరాలు తిని (మిత్రుడు వాటిని గుంత పొంగనాలన్నాడు, అక్కడ చిన్న యుద్ధం జరిగింది), కలంకారీ వేసే ఒకావిడ ఇంటికి వెళ్లాం.

కాళహస్తి కలంకారీ అచ్చు కాదు. అచ్చులు పెడనలో. ఇక్కడ వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారం కట్టి, ఆ కలంతోనే గీస్తారు. బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెడతారు. చింత పుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఎరుపుకు పటిక పూసి, వేళ్లతో చెక్కలతో ఉడకబెడతారు. ప్రతి రంగు తర్వాతా పారే నీళ్లలో జాడించాలి. 1950ల చివర్లో ఈ కళ ఆరిపోయే దశలో ఉంటే కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. దాంతోనే ఇప్పటికి నిలిచింది. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

"పారే నీళ్లన్నారు, ఏట్లో నీళ్లున్నాయా?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "వానాకాలం ఉంటాయి సార్. మిగతా దినాలు బోరే. బోరు నీళ్లకు రంగు ఒక్కోసారి ఒక్కో మాదిరి వస్తాది. మా నాయన స్వర్ణముఖిలో గుడ్డ జాడిస్తే ఆ ఎరుపే వేరు." తర్వాత గుడి వీధి వైపు చెయ్యి చూపించి, "ఆడ దుకాణాల్లో కలంకారీ అని మిషిన్ ప్రింటు అమ్ముతారు. బస్సు దిగినోళ్లకు టైము ఉండదు కదా, అదే కొనుక్కోని పోతారు. మా ఇల్లు వెతుక్కోని వచ్చేది బెంగుళూరోళ్లు, ఫారినోళ్లు" అంది.

మిత్రుడి భార్య చేతి రుమాలంత గుడ్డ కొంది. దానిమీద చెట్టు, చెట్టు మీద రెండు చిలకలు. ధర విని మొదట కాస్త తటపటాయించింది. ఆవిడ అది ఎన్నిసార్లు నానిందో, ఎన్నిసార్లు ఉడికిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాక మారు మాట్లాడలేదు.

తిరుగుదారిలో డ్రైవరు కుర్రాడికి ఉత్సాహం వచ్చింది. వాడి ఊరి వైపు సంగతులు తవ్వడం మొదలుపెట్టాడు. నాగలాపురం వేదనారాయణస్వామి మీద మార్చి నెలలో మూడు రోజులు సూర్యుడి కిరణాలు పడతాయట, పాదాల నుంచి శిరసు దాకా. దానికి దగ్గర్లోనే సురుటుపల్లిలో శివుడు పడుకుని ఉంటాడు, విషం మింగి అలిసిపోయి. "మే నెలలో రా సార్, గంగమ్మ జాతరకు. మొగోళ్లు చీరలు కట్టుకోని తిరగతారు. మా తిరుపతిలో ఆ వారం అంతా ఆడోళ్లదే రాజ్యం." నిజమే. తాతయ్యగుంట గంగమ్మను వెంకటేశ్వరస్వామికి చెల్లెలంటారు, కొండ నుంచి అన్న పుట్టింటి సారె పంపుతాడు. ఇప్పుడది రాష్ట్ర పండుగ కూడా. కొండమీదికి వచ్చే లక్షల మందిలో ఆ చెల్లెలు ఉందని తెలిసినవాళ్లు ఎందరు?

ఇక సూళ్లూరుపేట వైపు పోతే నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు, శ్రీహరికోటలో రాకెట్టు ఎగరడం చూసే గ్యాలరీ. అన్నీ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే. ఆ రోజుకు అంత టైము లేదు. మిత్రుడికి ఒకటే చెప్పాను. రేపు బస్సు ఘాట్ రోడ్డులో పోతుంటే పక్కనున్న రాళ్లను చూడమని. అడుగున చాలా పాత రాయి, దానిమీద పలకలు పలకలుగా ఇంకో రాయి, మధ్యలో కోట్ల ఏళ్ల కాలం మాయమైన గీత. భూగర్భ శాస్త్రవేత్తలు దానికోసం దేశదేశాల నుంచి వస్తారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండల సహజ వారసత్వాన్ని యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేర్చారు. రోజూ వేలమంది దాన్ని దాటిపోతారు, కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటూ.

నాలో ఒక భయం కూడా ఉంది. దాచడమెందుకు? గుడిమల్లం గర్భగుడిలో పట్టేది కొద్దిమందే. ఈ వ్యాసం చదివి యాభై బస్సులు వస్తే ఆ ముసలమ్మకు దొరికినంత సేపు ఇంకెవరికీ దొరకదు. ఊరి చెరుకు తోటల్లో ప్లాస్టిక్ సీసాలు మొలుస్తాయి. అందుకని వెళ్లొద్దనాలా? అనలేను. కొండమీద గంటకింతమంది అని లెక్కగా పంపడం మనవాళ్లకు తెలుసు. ఆ లెక్క గుడిమల్లానికీ పెట్టొచ్చు, గంటకు ముప్పై మంది. పెద్ద స్వాగత తోరణం, ఫుడ్ కోర్టు కట్టేబదులు, ఆ ఊరి పిల్లలు పదిమందికి ఆ శివుడి కథ సరిగ్గా చెప్పడం నేర్పించి జీతం ఇవ్వొచ్చు. పాపానాయుడుపేట కొలిమి వారానికి రెండు రోజులు యాత్రికుల కోసం వెలిగినా ఆ పెద్దాయన మనవడు ఒకసారి ఆలోచిస్తాడేమో.

లాడ్జి దగ్గర దిగేసరికి దీపాలు పెట్టే వేళైంది. డబ్బులు లెక్కపెట్టుకున్నాక కూడా కుర్రాడు కదల్లేదు. ఫోను తీశాడు. "సార్, మా ఓనరు బోర్డు మార్పిస్తాన్నాడు. దాంట్లో గుడిమల్లం అని రాపిస్తా. పేరు పక్కన ఏమన్నా రాస్తేనే కదా జనం వచ్చేది. ఏం రాయాల?"

నేను ఆలోచిస్తున్నాను. అతి ప్రాచీన శివలింగం అందామా, రెండువేల ఏళ్ల గుడి అందామా అని. ఈలోపు మెట్లెక్కుతున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది.

"మల్లన్న అని రాయి బిడ్డా. మా ఊరోళ్లంత వస్తరు."